గుంటూరు పిల్ల స్కీ రేసర్ కావాలంటే: షిఫ్రిన్ దారిలో మనకు పనికొచ్చేది, పనికిరానిది

"మా అమ్మాయికి 12 ఏళ్ళు. గుంటూరులో నాలుగేళ్ళుగా స్కేటింగ్ నేర్చుకుంటోంది. మికేలా షిఫ్రిన్ వీడియోలు చూసినప్పటి నుంచి స్కీ రేసర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. ఆవిడ అంతదాకా ఎలా వెళ్ళింది? మంచు మొహం ఎరగని ఊళ్ళో ఉండి మేం చేయగలిగేది ఏమన్నా ఉందా? డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, చేయగలిగేది చాలానే ఉంది. అమెరికా స్కీ రేసర్ షిఫ్రిన్ గురించి ఎవర్ని అడిగినా ప్రపంచకప్‌లో, అంటే ప్రతి శీతాకాలం ఊరూరా సాగే పోటీల వరసలో, 100 విజయాల సంగతి చెబుతారు. మీరు మాత్రం వేరే లెక్క పట్టుకోండి: ఏడాదికి ఎన్ని రోజులు మంచు మీద ఉంది, అందులో ఎన్ని రోజులు పోటీకి పోకుండా సాధన చేసింది. ఆవిడ జీవితం మొత్తాన్ని ఈ లెక్కతో చదివితేనే మీకు దారి కనబడుతుంది.

షిఫ్రిన్ 1995 మార్చి 13న అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, వెయిల్‌లో పుట్టింది. అది స్కీయింగ్ ఊరు. తల్లి ఐలీన్, తండ్రి జెఫ్ ఇద్దరూ ఒకప్పుడు స్కీ రేసర్లే. తండ్రి మత్తు డాక్టరు. తల్లి తర్వాత కూతురికి కోచ్‌గా ప్రపంచకప్ అంతా తిరిగింది. చిన్నతనంలోనే కుటుంబం న్యూహాంప్‌షైర్‌కి మారింది, ఆ తర్వాత అమ్మాయి వెర్మాంట్‌లోని బర్క్ మౌంటెన్ అకాడమీలో చదివింది. చదువు, స్కీయింగ్ ఒకే ప్రాంగణంలో సాగే బడి అది. తోటి పిల్లలు వారాంతం వస్తే పోటీలకు బండెక్కుతుంటే, షిఫ్రిన్ ఎక్కువగా అకాడమీ కొండ మీదే ఉండి ఒకే రకం మలుపును మళ్ళీ మళ్ళీ దిద్దుకునేది. దీని వెనక లెక్క తేలిక. పోటీ రోజున మంచు మీద గడిచేది రెండు పరుగులు, అంటే రెండు నిమిషాల లోపు. మిగతా రోజంతా ప్రయాణం, చలిలో నిలబడటం. అదే రోజు సాధనకు ఇస్తే పది, పన్నెండు పరుగులు వస్తాయి. శరీరం ఇంకా పెరుగుతున్న వయసులో ఈ తేడా కొండంత.

ప్రపంచకప్‌లో మొదటిసారి దిగింది 2011 మార్చిలో, 16 నిండటానికి రెండు రోజుల ముందు, చెక్ దేశంలోని ష్పిండ్లెరూవ్ మ్లిన్‌లో. 2012 డిసెంబరులో స్వీడన్‌లోని ఓరెలో మొదటి గెలుపు. 2013లో ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్‌లో స్లాలమ్‌లో, అంటే మంచులో పాతిన కర్రల (వాటినే గేట్లంటారు) మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీలో, ప్రపంచ ఛాంపియన్. 2014 సోచి ఒలింపిక్స్‌లో 18 ఏళ్ళకు స్లాలమ్ స్వర్ణం. ఆ విభాగంలో అంత చిన్న వయసులో స్వర్ణం అందుకున్నది తనే. ఆ రెండో పరుగు వీడియో మీ అమ్మాయితో కూర్చుని ఒకసారి చూడండి. మధ్యలో ఒక స్కీ గాల్లోకి లేచి, ఒళ్ళు వెనక్కి పడబోయి, రెండు గేట్ల లోపే మళ్ళీ కుదురుకుంటుంది. దాన్ని అదృష్టం అనకండి. పడబోయినప్పుడు భుజాలు ముందుకు తెచ్చి, బరువు మళ్ళీ బయటి కాలి మీద వేయడం వేలసార్లు చేసిన ఒంటికి ఆలోచించే పని ఉండదు.

2018-19 సీజన్‌లో ఒక్క ఏడాదే 17 విజయాలు, అది రికార్డు. 2023 మార్చిలో మళ్ళీ ఓరెలోనే 87వ విజయంతో స్వీడన్ దిగ్గజం ఇంగెమార్ స్టెన్‌మార్క్ 86 విజయాల రికార్డు దాటింది. 2025 ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్త్రియెరేలో నూరోది.

ఈ వరస మధ్యలో ఉన్న గోతులు కూడా పిల్లకు చెప్పండి. 2020 ఫిబ్రవరిలో తండ్రి ప్రమాదవశాత్తు చనిపోయారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ (గేట్లు దూరదూరంగా ఉండేది), స్లాలమ్, కంబైన్డ్ (వేగం పరుగు, స్లాలమ్ పరుగు కలిపినది), మూడింటిలోనూ దారి తప్పి బయటికి వెళ్ళిపోయింది. ఒక్క పతకం లేదు. 2024 నవంబరు 30న అమెరికాలోని కిల్లింగ్టన్‌లో, నూరో గెలుపు చేతికి అందబోతున్న పరుగులో పడిపోయింది. పొట్ట దగ్గర లోతైన గాయం, కండరం చీలిక. మూడు నెలలు నిండకముందే సెస్త్రియెరేలో గెలిచింది.

స్టెన్‌మార్క్ సంగతి మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆయన ఊరు తార్నబీ, స్వీడన్ ఉత్తరాన ఉన్న చిన్న పల్లె. అక్కడున్నది ఆల్ప్స్‌లో లాంటి పెద్ద పర్వతం కాదు, చిన్న కొండ. అదే పల్లె నుంచి అన్యా పేర్షన్ అనే మరో ఛాంపియన్ కూడా వచ్చింది. ఇంటి పక్కన చిన్న వాలు, రోజుకు లెక్కలేనన్ని సార్లు పైకీ కిందికీ. కొండ ఎత్తు కంటే సార్లు ముఖ్యమని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక ఆట సంగతి. ఆల్పైన్‌లో, అంటే కొండ వాలు మీద కిందికి దిగే స్కీయింగ్‌లో, నాలుగు ముఖ్య విభాగాలు: స్లాలమ్, జెయింట్ స్లాలమ్, సూపర్-జీ, డౌన్‌హిల్. మొదటి రెండూ మలుపుల నైపుణ్యానివి, తర్వాతి రెండూ వేగానివి. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ మొదటి రెండింటికే పోతారు. కారణం ఉంది. డౌన్‌హిల్‌కి కిలోమీటర్ల పొడవున మూసేసిన వాలు, దారి పొడవునా వలలు కావాలి. స్విట్జర్లాండ్‌లోని వెంగెన్ డౌన్‌హిల్ పొడవు 4 కిలోమీటర్లు దాటుతుంది, వేగం గంటకు 150 కిలోమీటర్లు మించుతుంది. స్లాలమ్ సాధనకు 150 మీటర్ల ఎత్తు తేడా ఉన్న వాలు, కొన్ని గేట్లు చాలు. ప్రపంచకప్ స్థాయిలో ఆడవాళ్ళ స్లాలమ్ స్కీ కనీసం 155 సెంటీమీటర్లు, మగవాళ్ళది 165 ఉండాలి. జెయింట్ స్లాలమ్‌లో అవే 188, 193. పరుగు స్లాలమ్‌లో 45 నుంచి 60 సెకన్లు పడుతుంది, జెయింట్ స్లాలమ్‌లో కాస్త ఎక్కువ. రెండు పరుగుల సమయం కలిపి, సెకనులో నూరో వంతు దాకా లెక్కిస్తారు. గేటును భుజంతో, మోకాలి కింది కవచంతో కొట్టి పడేస్తారు గానీ, రెండు స్కీల ముందు కొసలూ రెండు బూట్లూ గేటు సరైన పక్క నుంచే పోవాలి. ఒక కొస గేటుకు అటు, ఒకటి ఇటు పోతే పోటీ నుంచి అవుట్. కొత్త పిల్లలు ఎక్కువగా ఓడేది ఇక్కడే.

టీవీలో కనబడే వాలు మెత్తటి మంచు అనుకోకండి. ప్రపంచకప్ స్లాలమ్ దారిలోకి నీళ్ళు ఎక్కించి గడ్డ కట్టిస్తారు, ముప్పయ్యో రేసర్‌కి కూడా దారి గుంతలు పడకుండా ఉండటానికి. అందుకే స్కీ అంచుల పదును అంత ముఖ్యం. పక్క అంచు 87 డిగ్రీలకో 88కో దించి, చిన్న తప్పు కూడా లేకుండా పదును పెట్టే టెక్నీషియన్ ప్రతి పెద్ద రేసర్ వెనకా ఉంటాడు.

ఎక్కడికి వెళ్ళాలన్నా ఎఫ్‌ఐఎస్ పాయింట్లు కావాలి. ఎఫ్‌ఐఎస్ అంటే అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య. మన చదువుల మార్కులకు ఇది తలకిందులు: ఎంత తక్కువైతే అంత మంచిది, ప్రపంచంలో పైనున్నవాళ్ళకు సున్నా. స్లాలమ్ లెక్క ఇలా ఉంటుంది. గెలిచినవాళ్ళ సమయం 100 సెకన్లు, మీ అమ్మాయిది 112 అనుకోండి. తేడా 12 శాతం. దాన్ని స్లాలమ్‌కు పెట్టిన గుణకం 730తో గుణిస్తే 87.6. దానికి ఆ పోటీలో దిగినవాళ్ళ స్థాయిని బట్టి పెనాల్టీ కలుపుతారు. అది 40 అయితే మొత్తం 127.6. పోటీలో మంచి రేసర్లు ఎక్కువమంది ఉంటే పెనాల్టీ తగ్గుతుంది. ఒక విభాగంలో వచ్చిన మంచి ఫలితాలు రెండింటి సగటే మీ అంకె. ఒలింపిక్స్ గుమ్మం కూడా ఈ అంకెతోనే నిర్ణయమవుతుంది, ఆ గీతను ప్రతిసారీ కొత్తగా గీస్తారు. లైసెన్సు ఒక కుటుంబం నేరుగా తెచ్చుకోలేదు, జాతీయ సమాఖ్య ద్వారానే వస్తుంది. సీజన్ మొదలయ్యే సంవత్సరంలో 16 నిండితేనే ఎఫ్‌ఐఎస్ పోటీలకు దిగనిస్తారు. అంటే మీ చేతిలో నాలుగు శీతాకాలాలు ఉన్నాయి.

మన వాళ్ళు ఎక్కడున్నారో చూడండి. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో శైలజా కుమార్ స్లాలమ్‌లో 28వ స్థానంలో ముగించింది. శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయ మహిళ తనే. మనాలి దగ్గరి బురువా పల్లె అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలోని ఎర్జురుమ్‌లో స్లాలమ్ కాంస్యం గెలిచింది. స్కీయింగ్‌లో మన దేశానికి అది మొదటి అంతర్జాతీయ పతకమని అప్పట్లో పత్రికలు రాశాయి. గుల్మార్గ్ కింద తంగ్‌మార్గ్ నుంచి వచ్చిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్‌కి మన దేశం తరఫున ఒక్కడే వెళ్ళి జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్నది గుల్మార్గ్‌లో స్కీ సామాన్ల దుకాణం. గడప దాటితే మంచు. అర్హత తెచ్చిన పోటీల్లో దుబాయ్‌లోని ఇండోర్ వాలు మీద జరిగినవీ ఉన్నాయి. ఆ వాలు 400 మీటర్లే.

ఇప్పుడు మీ లెక్క. నాలుగు శీతాకాలాలు, ఏటా రెండు కోర్సులు, ఒక్కోటి రెండు వారాలు అనుకుంటే 112 రోజులు. స్కీ అకాడమీలో చదివే పిల్లకు అది ఒక్క ఏడాది పని. అందుకని షిఫ్రిన్ స్థాయి, ప్రపంచకప్ పోడియం (మొదటి మూడు స్థానాలు) అనే మాట పక్కన పెట్టండి. 16 ఏళ్ళకు జాతీయ స్థాయి పోటీల్లోనూ ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లోనూ నిలబడటం, తర్వాత ఎఫ్‌ఐఎస్ పాయింట్లు మొదలుపెట్టడం, ఇంకో పక్క ఇన్‌స్ట్రక్టర్ దారి తెరిచి ఉంచుకోవడం: ఇవి అందే పనులు. ఇంత చెప్పాక కూడా పిల్ల కళ్ళు మెరిస్తే మొదలుపెట్టండి.

కోర్సులకు మూడు చోట్లున్నాయి. గుల్మార్గ్‌లో భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, ఉత్తరాఖండ్‌లోని ఔలి. మొదటి రెండూ ప్రభుత్వ సంస్థలు కాబట్టి ప్రైవేటు శిక్షణ కంటే ఖర్చు బాగా తక్కువ, స్కీలు, బూట్లు వాళ్ళే ఇస్తారు. గుల్మార్గ్‌లో మంచు బాగానే పడుతుంది గానీ, ప్రతి ఏడాదీ వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంది, కేబుల్ కారు రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. పిల్లను మాత్రం మొదటి రెండేళ్ళు కింది వాలు దాటించకండి. విజయవాడ మీదుగా కాట్రా వెళ్ళే రైళ్ళు ఉన్నాయి. 2025 జూన్ నుంచి కాట్రా, శ్రీనగర్ మధ్య వందేభారత్ నడుస్తోంది. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, తంగ్‌మార్గ్ దాటాక మంచు పడితే టైర్లకు గొలుసులు కట్టిన బండ్లే పోతాయి. కోర్సు మొదలయ్యే తేదీకి రెండు రోజుల ముందే చేరండి. సముద్ర మట్టానికి ముప్పై మీటర్ల ఎత్తులో పెరిగిన పిల్ల ఒక్కసారిగా అంత పైకి పోతే తలనొప్పి, ఆకలి మందగించడం మామూలు. ఆ రెండు రోజులూ నడక, నీళ్ళు, నిద్ర అంతే. సంక్రాంతి సెలవులతో ఒక కోర్సులో కొంత భాగం కలుస్తుంది, రెండోది ఫిబ్రవరిలో పడుతుంది కాబట్టి బడిలో ముందే మాట్లాడుకోండి. పదో తరగతి ఏడాది ఒక్క కోర్సుతో సరిపెట్టుకోండి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి.

గుంటూరులో చేసేది మిగతా పదకొండు నెలల పని, అసలు తేడా వచ్చేది కూడా అక్కడే. మీ అమ్మాయి ఇప్పటికీ నాలుగు చక్రాలు జంటగా ఉన్న క్వాడ్ స్కేట్లు వాడుతుంటే ఇన్‌లైన్‌కి మార్చండి. ఒకే వరసలో ఉండే చక్రాలు స్కీ అంచులా ప్రవర్తిస్తాయి. స్కేటింగ్‌లో ఆల్పైన్ అని వేరే విభాగమే ఉంది, ఏటవాలు రోడ్డు మీద గేట్లు పాతి పెట్టే పోటీ. మూసి ఉన్న ప్రాంగణంలో నునుపైన, కొద్దిపాటి వాలున్న దారి వెతకండి. అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు పనికిరాదు, వాలు ఎక్కువ, మలుపులో కారు వస్తుంది. మూడు మీటర్లకొకటి చొప్పున పది కోన్లు వరసగా పెట్టి మొదలుపెట్టి, తర్వాత వాటిని అటొకటి ఇటొకటి జరుపుతూ పోండి. చూడాల్సింది మూడే. మలుపులో బరువు బయటి కాలి మీద ఉందా. ఛాతీ వాలు దిగువకే చూస్తోందా, లేక మలుపుతో పాటు తిరిగిపోతోందా. పాదం ముందు భాగం మీద నిలబడిందా, మడమ మీదా. స్కేటర్లకు సహజంగా ఒక చెడ్డ అలవాటు ఉంటుంది: వేగం కోసం పక్కకు నెట్టడం, ఒళ్ళంతా మలుపు లోపలికి వాల్చడం. స్కీ మీద అదే చేస్తే లోపలి కాలి మీద బరువు పడి బయటి స్కీ జారిపోతుంది. ముందే మాన్పిస్తే మంచు మీద నాలుగు రోజులు మిగులుతాయి.

కాళ్ళ బలానికి మంగళగిరి దగ్గరగా ఉంది, పానకాల స్వామి కొండ మెట్లు వాడుకోండి. అందరూ ఎక్కడాన్ని కసరత్తు అనుకుంటారు, స్కీయర్‌కి దిగడం అసలు పని. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపుతుంది. స్కీ మలుపులో జరిగేది అచ్చం అదే. వారానికి ఒక్కసారే, తెల్లవారుజామున, ఒక్కో మెట్టు నెమ్మదిగా, మోకాలు పాదం రెండో వేలి మీదుగా ఉండేలా. మొదటి రెండు వారాలూ మర్నాడు తొడలు పట్టేస్తాయి, దానికి భయపడక్కర్లేదు. మోకాలి చిప్ప కింద గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయండి. ఇంట్లో గోడకు ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చోవడం 20 సెకన్లతో మొదలుపెట్టి 60కి తీసుకెళ్ళండి, ఒక స్లాలమ్ పరుగు అంతే ఉంటుంది. తొడ వెనక కండరానికి విడిగా పని చెప్పాలి. రజస్వల అయ్యే వయసు అమ్మాయిల్లో మోకాలి కీలు మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు (ఏసీఎల్) తెగే ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ. ముందు కండరం బలంగా, వెనకది బలహీనంగా ఉండటం, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి కూలబడటం అందుకు ముఖ్య కారణాలు. 30 సెంటీమీటర్ల ఎత్తు పీట మీద నుంచి దింపి ఫోన్లో ఎదుట నుంచి వీడియో తీయండి. మోకాళ్ళు దగ్గరికి వస్తుంటే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించండి, స్కీ సంగతి తర్వాత.

డబ్బు విషయం. మొదటి రెండు శీతాకాలాలు స్కీలు కొనకండి. పిల్ల పెరుగుతోంది, పైగా మన తేమకు స్కీ అంచులు నెలల్లో తుప్పు పడతాయి. మొదట కొనాల్సినవి హెల్మెట్, గాగుల్స్, గ్లోవ్స్, లోపల వేసుకునే ఉన్ని లేదా పాలిస్టర్ బట్టలు. నూలు వద్దు, చెమట పట్టి తడిగానే ఉండిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. సాక్సు ఒకే జత, పలచనిది. చలని రెండు జతలు వేస్తే బూటులో పాదం నొక్కుకుపోయి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. దాదాపు ప్రతి కొత్త కుటుంబమూ ఈ పొరపాటు చేస్తుంది. పోటీలకు వెళ్ళే రోజు వస్తే ఎఫ్‌ఐఎస్ ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి, చెవుల దగ్గర మెత్తగా ఉండేది స్లాలమ్‌కి మాత్రమే ఒప్పుకుంటారు.

బూటు ఇచ్చేటప్పుడు మీరు దగ్గరుండండి. పెద్దదిస్తే పిల్లకు హాయిగా ఉంటుంది, మలుపు మాత్రం రాదు. పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిస్తే అదే బూటు సైజు: 23.5 సెంటీమీటర్లయితే 23.5. లోపలి మెత్త తీసేసి ఖాళీ డొక్కులో పాదం పెట్టి వేళ్ళు ముందుకు తాకించమనండి. మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. అంతకంటే ఎక్కువైతే సైజు మార్చమని అడగండి. బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు; ఎంత బలం పడితే అది ఊడాలో చెప్పే సడలింపు అంకెను పిల్ల బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి పెట్టాలి. 45 కిలోల కొత్త పిల్లకు ఇంచుమించు 3 దగ్గర ఉంటుంది. అద్దె స్కీలకు అంతకు ముందు వాడిన పెద్దవాళ్ళ అంకె, 6 లేదా 7, అలాగే ఉండిపోతుంటుంది. అప్పుడు పడినా స్కీ ఊడదు, మోకాలు తిరుగుతుంది. ప్రతి ఉదయం ఆ చిన్న కిటికీలోని అంకె చూసుకోవడం పిల్లకే నేర్పండి.

మొదటి వారం పిల్ల దాదాపు ఖాయంగా వెనక్కి వాలుతుంది. భయం వేస్తే మనిషి వాలు నుంచి దూరంగా జరుగుతాడు, స్కీ మీద అలా జరిగితే ముందు కొసలు తేలిపోయి అదుపు పోతుంది. పిక్క ముందరి ఎముక బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. "ముందుకు వంగు" అని కేకేస్తే నడుము వంచుతారు, అది తప్పు. చీలమండ వంగాలి. ఒక్క మాటతో సరిచేయాలంటే "బూటు ముందు భాగాన్ని నలిపేయి" అనండి, పిల్లలకు వెంటనే అందుతుంది.

కోర్సు చివరి రోజు సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయకండి. ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి: ఏ వైపు మలుపు బలహీనంగా ఉంది, ఎడమా కుడా. భయపడినప్పుడు ఒళ్ళు ఎటు పోతోంది. తర్వాతి మెట్టు అయిన ఇంటర్మీడియట్ స్కీ కోర్సుకు ఇప్పుడే పంపాలా, బేసిక్ మళ్ళీ చేయించాలా. మళ్ళీ చేయించమంటే చేయించండి. మొదటి రెండు జవాబులను బట్టి గుంటూరులో ఆ ఏడాది కోన్ల వరస మార్చుకోవాలి. ఎడమ మలుపు బలహీనమైతే కోన్ల వరసను ఎడమ మలుపుతోనే మొదలుపెట్టి ఎడమ మలుపుతోనే ముగించండి.